నవ్వుకు జీతమెంత? - ఆర్లీ హోక్‌షిల్డ్ పరిశోధన

'నవ్వు నాలుగు విధాల చేటు' అన్నారు మన పెద్దలు. నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ని నమ్మరాదని మరొక సామెత. రెండవ సామెత స్త్రీ పురుషులిద్దరికీ అన్యాయమే చేసిందని నా అభిప్రాయం. ఆ మాట అటుంచితే, ఈ సామెతలలో గమనింపదగిన విషయమొకటి ఉన్నది. నవ్వు, ఏడుపు హృదయంలో పుట్టి, ఎవరి ఆజ్ఞకూ కట్టుబడక, తమంత తామే వెలికి వస్తాయని మనమనుకొంటాము. కాని ఎవరు ఎక్కడ నవ్వవచ్చునో, ఎవరు ఎంతవరకు ఏడవవచ్చునో సంఘం ముందుగానే నిర్ణయించి ఉంచింది. ఆ నిర్ణయాన్ని మీరిన వాణ్ని అనుమానంతో చూడుమని కూడా సామెత చెబుతున్నది. ప్రకృతి ధర్మంగా మనమెంచిన దానిలో సంఘ ధర్మం ఇంతగా పాతుకొని ఉన్నదన్నమాట.

చాలాకాలం వరకు సమాజ శాస్త్రజ్ఞులు ఈ విషయాన్ని మనస్తత్వ శాస్త్రానికి వదలివేశారు. కులం, వర్గం, కుటుంబం, అధికారం వంటివి తమ పాలివనీ, కోపతాపాలు వ్యక్తికి సంబంధించినవనీ వారి భావన. 1970 దశాబ్దంలో ఈ గోడను పడగొట్టిన కొద్దిమందిలో అమెరికా దేశపు సమాజ శాస్త్రవేత్త ఆర్లీ రసెల్ హోక్‌షిల్డ్ ముఖ్యురాలు. ఆమె 1940లో జన్మించారు. కాలిఫోర్నియా రాష్ట్రంలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి, అక్కడనే దీర్ఘకాలం ఆచార్యులుగా పనిచేశారు. 1983లో వెలువడిన ఆమె గ్రంథం 'ది మేనేజ్డ్ హార్ట్' ఈ శాఖకు పునాది గ్రంథాలలో ఒకటి. అదుపులో పెట్టబడిన హృదయమని ఆ పేరుకు అర్థం చెప్పుకోవచ్చును.

ఈ ఆసక్తి తనకెట్లా కలిగిందో ఆమె ఆ గ్రంథపు తొలిపలుకులలో చెప్పారు. ఆమె తల్లిదండ్రులు విదేశాంగ సేవలో ఉండేవారు. పన్నెండేళ్ళ వయస్సులో ఆ బాలిక ఇంటికి వచ్చిన విదేశీ అతిథులకు వేరుసెనగ పప్పుల పళ్ళెం అందిస్తూ, తలయెత్తి వారి చిరునవ్వులు చూసేది. అతిథులు వెళ్ళిపోయాక తల్లిదండ్రులు ఒక్కొక్కరి హావభావాలకు వ్యాఖ్యానం చెప్పుకొనేవారు. బల్గేరియా ప్రతినిధి బిగబట్టిన నవ్వు, చైనా అధికారి చూపు తప్పించుకొన్న తీరు, ఫ్రెంచి అధికారి చాలాసేపు వదలని కరచాలనం - ఇవన్నీ ఒక ప్రభుత్వం మరొక ప్రభుత్వానికి పంపిన సందేశాలని ఆ పిల్లకు బోధపడింది. తాను పప్పులందించినది మనిషికా, నటునికా అన్న సందేహం ఆనాడే మొదలయిందట. ఎన్నో పరిశోధనలకు మూలం గ్రంథాలయంలో కాక ఇంటి వసారాలో ఉంటుందనడానికి ఇదొక నిదర్శనం.

ఆమెకు ముందు దారి వేసినవాడు అర్వింగ్ గాఫ్‌మన్. 1922లో కెనడాలో పుట్టి 1982లో మరణించిన ఈ మేధావి మనుష్యులు ఎదురుపడినప్పుడు జరిగే చిన్న చిన్న వ్యవహారాలను సూక్ష్మదర్శినితో చూసినట్లు చూశాడు. 1949-51 మధ్య బ్రిటనుకు ఉత్తరాన ఉన్న షెట్లాండు దీవులలో నివసించి, అక్కడి హోటలులో వంటింటి తలుపు దాటి భోజనశాలలోకి అడుగు పెట్టగానే పనివారి మాట, ముఖం, నడక ఎట్లా మారిపోతాయో గమనించాడు. సంఘజీవనమొక రంగస్థలమనీ, దానికి తెర ముందు, తెర వెనుక ఉన్నాయనీ వివరించాడు. మనిషి తలవంపులు పడే సందర్భాల మీద 1956లో ఒక వ్యాసం రాశాడు. ఒకరికి తలవంపులయినప్పుడు చూస్తున్నవారు కూడా ఎందుకు చూపు దించుకొంటారని అతని ప్రశ్న. మన 'మొహమాటం', ఉర్దూ మాట్లాడే మిత్రుల 'తకల్లుఫ్' అతనికి పరిచయమై ఉంటే ఆ వ్యాసం మరి రెండింతలయ్యేదేమో!

అయితే గాఫ్‌మన్ చూసినది పైముఖాన్ని. నవ్వు ఎట్లా కనబడుతున్నదన్నది అతని దృష్టి. ఆ నవ్వు లోపల ఏమి జరుగుతున్నదన్నది హోక్‌షిల్డ్ దృష్టి. మనిషి ఎదుటివారికి కనబడేదాన్ని మాత్రమే దిద్దుకోడు, తాను అనుభవించేదాన్ని సైతం దిద్దుకొంటాడని ఆమె సిద్ధాంతం. 1979లో ప్రకటించిన వ్యాసంలో ఆమె బర్క్‌లీ విద్యార్థులు రాసియిచ్చిన అనుభవాలను పరిశీలించారు. ఆ రాతలలో ఆమె దృష్టిని ఆకర్షించినవి క్రియాపదాలు. విద్యార్థులు కోపం వచ్చిందని, సంతోషం కలిగిందని మాత్రమే రాయలేదు. కోపాన్ని నొక్కిపెట్టామని, సంతోషాన్ని బలవంతాన తెచ్చుకొన్నామని కూడా రాశారు. అనుభూతి వారికి ఒక పనిగా ఉన్నది. ఈ విషయం తెలుగు భాషకు కొత్తది కాదు. దుఃఖాన్ని దిగమింగుతాము, ధైర్యాన్ని కూడగట్టుకొంటాము, మనసును రాయి చేసుకొంటాము. ఇవన్నీ చేతులతో చేసే పనుల మాటలే.

ఈ పనికి కొలబద్ద ఏది? సంఘమే. ఏ సందర్భంలో ఏమి అనుభవించాలి, ఎంత తీవ్రంగా, ఎంతకాలం అనుభవించాలి అన్న అలిఖిత శాసనాలకు ఆమె పెట్టిన పేరును 'అనుభూతి నియమాలు' అని తెలుగు చేయవచ్చును. ఒక పెండ్లికూతురు తన పెండ్లినాడు గాభరాతో, నీరసంతో ఉండి, ఇది తన జీవితంలోకెల్లా సంతోషకరమైన దినం కదా అని గుర్తు చేసుకొని, ఆ సంతోషాన్ని ప్రయత్నపూర్వకంగా పిలుచుకొన్న ఉదంతం ఆమె గ్రంథంలో ఉన్నది. పెండ్లిలో విచారం కలగడం తప్పేమీ కాదు. కాని కలిగినందుకు ఆ అమ్మాయి సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది, అదీ తనకు తానే. నియమమున్నదని మనకు తెలిసేది అటువంటి సమయంలోనే. మన ఇళ్ళలో పరామర్శకు వెళ్ళినవారిని చూడండి. కన్నీరు రాకపోతే తమలో ఏదో లోపమున్నదని లోలోన కలవరపడేవారిని నేనెరుగుదును. 'ఇంకా ఏడుస్తున్నదా?' అని అడిగేవారూ, 'అప్పుడే నవ్వుతున్నదా?' అని అడిగేవారూ ఒకే వీధిలో ఉంటారు.

నియమానికి, అనుభవానికి పొత్తు కుదరనప్పుడు మనిషి చేసే ప్రయత్నాన్ని ఆమె రెండు విధాలుగా విభజించారు. మొదటిది పైపై నటన. లోపల ఏమున్నా ముఖాన నవ్వు పులుముకొనడం. రెండవది లోతయిన నటన. నవ్వు దానంతట అదే వచ్చేట్లు ఊహతో, జ్ఞాపకంతో మనసునే మార్చుకొనడం. ఈ రెండవ భావాన్ని ఆమె రష్యా దేశపు నాటక ప్రయోక్త స్తానిస్లావ్‌స్కీ నుండి గ్రహించారు. నటుడు తన జీవితంలోని పాత దుఃఖాన్ని తవ్వి తీసి పాత్రకు ఎరువుగా వేయాలని ఆయన బోధించాడు. నాట్యశాస్త్రం చదివిన మనవారికి ఈ విభజన పరిచితమే. భరతుడు అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికమని నాలుగు విధాలుగా చెప్పాడు. కన్నీరు, రోమాంచం, వైవర్ణ్యం మొదలయిన సాత్త్విక భావాలు మనసు ఏకాగ్రం కానిదే రావన్నాడు. అవయవాలకు ఆజ్ఞ ఇవ్వవచ్చును. కన్నీటికి ఇవ్వలేము, దాన్ని మనసు ద్వారా మాత్రమే పిలువగలము. భరతుడు చెప్పినది రంగస్థలం మీది నటునికి. ఆ నటుడు ప్రదర్శన ముగియగానే వేషం తీసివేస్తాడు. ప్రదర్శన రోజుకు పదిగంటలు సాగి, వేషం తీసే చోటు లేకపోతే ఏమవుతుందన్నది హోక్‌షిల్డ్ అడిగిన ప్రశ్న.

ఈ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ ఆమె అట్లాంటా నగరంలో డెల్టా విమాన సంస్థ వారి పరిచారికల శిక్షణాలయానికి వెళ్ళారు. తరగతులలో కూర్చున్నారు, శిక్షణ ఇచ్చేవారితోను, పొందేవారితోను మాట్లాడారు. సేవకు మంచి పేరున్న సంస్థ కనుకనే దాన్ని ఎన్నుకొన్నారు. అక్కడ ఉపన్యసించిన ఒక విమాన చోదకుడు, మీ చిరునవ్వే మీకున్న గొప్ప ఆస్తి, బయటికి వెళ్ళి నిజంగా నవ్వండి అని అమ్మాయిలకు హితబోధ చేశాడట. ఇందులో 'నిజంగా' అన్న మాటను ఆమె పట్టుకొన్నారు. సంస్థకు కావలసినది పెదవుల కదలిక మాత్రమే కాదు. పెదవుల వెనుక మనసు కూడా కావాలి. విమానాన్ని మీ ఇంటి ముందుగదిగా భావించండి, ప్రయాణికుణ్ని మీ ఇంటికి వచ్చిన అతిథిగా ఎంచండి అని అక్కడ నేర్పేవారు. దుర్భాషలాడే ప్రయాణికుడు ఎదురైతే అతడేదో పెద్ద కష్టంలో ఉన్నాడని ఊహించుకొమ్మనేవారు. తనను తిట్టి, పేరు రాసుకొని ఫిర్యాదు చేస్తానని బెదిరించిన ఒక మనిషికి కొడుకు చనిపోయాడని తరువాత తెలిసినదనీ, నాటినుండి ఎవరు కోపగించుకొన్నా తనకు ఆ మనిషే గుర్తుకు వస్తాడనీ ఒక పరిచారిక చెప్పింది. ఎంత ఉదాత్తమైన భావన! ఏ మతబోధకుడైనా ఇంతకన్న ఏమి చెప్పగలడు? కాని ఆ ఉదాత్తత ఎవరి లాభానికి వినియోగమవుతున్నదన్నది వేరే లెక్క.

ఆ లెక్క వెనుక ఆర్థిక కారణాలున్నాయి. అమెరికాలో 1978 వరకు విమాన ఛార్జీలను ప్రభుత్వ మండలి నిర్ణయించేది. టిక్కెట్టు ధరలో పోటీ పడలేని సంస్థలు మర్యాదలో పోటీ పడ్డాయి. పసిఫిక్ సౌత్‌వెస్ట్ అనే సంస్థ తన విమానాల ముక్కు మీద నవ్వే నోటిని రంగుతో చిత్రించింది, తమ పరిచారికల నవ్వులు మాత్రం రంగుతో వేసినవి కావని ప్రకటనలు కూడా ఇచ్చింది. 1970 దశాబ్దంలో విమానాలు పెద్దవయ్యాయి, మాంద్యం వచ్చింది, 1978లో నియంత్రణ తొలగింది. ఒక్కొక్క పరిచారికకు ప్రయాణికులు పెరిగారు, ఒక్కొక్కరికి ఇవ్వగల సమయం తగ్గింది. నవ్వు మాత్రం వెనుకటంత వెచ్చగానే ఉండాలని ఆజ్ఞ. అప్పుడు పరిచారికలు చేసిన నిరసన విచిత్రమైనది. సమ్మె చేయలేదు. నవ్వును కొంచెం తగ్గించారు! ఒక ప్రయాణికుడు నీవెందుకు నవ్వడం లేదని అడిగితే, ముందు మీరు నవ్వండి అన్నదట ఆమె. అతడు నవ్వగానే, ఇక అట్లాగే పదిహేను గంటలు ఉండండి అని చెప్పి వెళ్ళిపోయిందట. ఆ గ్రంథంలో నాకు మిక్కిలి నచ్చిన ఘట్టమిది.

నవ్వుకు ఎదురుగా ఆమె మరొక వృత్తిని నిలిపారు. అదే సంస్థకు బాకీ పడినవారి నుండి టెలిఫోనులో సొమ్ము రాబట్టే వసూలుదార్ల పని. పరిచారిక ఎదుటివాని గౌరవాన్ని పెంచాలి, వసూలుదారు తగ్గించాలి. అక్కడ నమ్మకం, ఇక్కడ అనుమానం. అక్కడ కోపాన్ని మింగాలి, ఇక్కడ లేని కోపాన్ని తెచ్చుకోవాలి. బాకీదారు కష్టసుఖాలు విని మనసు కరిగితే వసూలుదారు ఉద్యోగానికి పనికిరాడు. కనుక జాలిని చంపుకొనడం అతని దినచర్య. ఈ పోలిక వలన తేలినదేమనగా, సంస్థలు కొంటున్నది మంచితనాన్ని కాదు, అవసరానికి తగిన అనుభూతిని. ఈ విధంగా జీతం కొరకు అనుభూతిని మలచుకొనడానికి ఆమె 'భావోద్వేగ శ్రమ' అని పేరు పెట్టారు. ఆనాటి అమెరికా ఉద్యోగులలో సుమారు మూడవవంతు మంది ఈ శ్రమ గణనీయంగా చేస్తున్నారనీ, ఉద్యోగినులను మాత్రమే తీసుకొంటే సుమారు సగంమంది చేస్తున్నారనీ ఆమె అంచనా వేశారు.

గ్రంథారంభంలో ఆమె కార్ల్ మార్క్స్ 'పెట్టుబడి' నుండి ఒక సాక్ష్యాన్ని తీసుకొన్నారు. ఇంగ్లండులో బాల కార్మికులపై 1863లో జరిగిన విచారణకు ఒక తల్లి ఇచ్చిన వాంగ్మూలమది. గోడలకు అతికించే కాగితాల కర్మాగారంలో ఆమె ఏడేళ్ళ కొడుకు యంత్రం విడిచి కదలడానికి వీలులేనందున, ఆ తల్లి మోకాళ్ళమీద కూర్చొని వాడి నోటికి అన్నం అందించేదట. ఆ బాలుని చేయి యంత్రంలో భాగమయింది. మరి పరిచారిక నవ్వు? రెంటినీ ఒక తక్కెడలో వేయరాదు. మంచి జీతం, దేశాలు చూసే అవకాశం ఉన్న ఉద్యోగమది. అయినా ఆ చేయి ఆ బాలునిది కాకుండా పోయినట్లే, ఈ నవ్వు కూడా ఆమెది కాకుండా పోతున్నదని హోక్‌షిల్డ్ వాదన. దూర ప్రయాణం ముగిసి ఇల్లు చేరిన తరువాత కూడా కృత్రిమంగా తెచ్చుకొన్న ఉత్సాహం దిగక, ఊరకే నవ్వుతూ, వదరుతూ ఉండిపోతామని కొందరు ఆమెతో చెప్పారు. మరికొందరికి ఏదీ తగలని మొద్దుతనం. ఆమె దృష్టిలో అనుభూతి కన్ను, చెవి వంటి ఒక ఇంద్రియం. లోకంలో మనమెక్కడ నిలబడి ఉన్నామో అది మనకు చెబుతుంది. భయం ప్రమాదాన్ని, కోపం అన్యాయాన్ని తెలుపుతాయి. ఆ సూచికను యజమాని అవసరం కొరకు అటూ ఇటూ తిప్పుతూ పోతే, చివరకు అది ఏది చూపినా మనం నమ్మలేము.

స్త్రీ పురుష భేదం గురించి ఆమె చెప్పిన మాట కూడా ముఖ్యమైనది. ఒకే విమానంలో ఒకే పని చేసే పురుషుడు చెబితే ప్రయాణికుడు వింటాడు, స్త్రీ చెబితే వాదిస్తాడు. ఇతరుల కోపం నేరుగా తగలకుండా కాపాడే హోదా అనే డాలు స్త్రీకి తక్కువ. కనుక తిట్లు ఆమె వంతుకు ఎక్కువ వస్తాయి, వాటిని మింగడమూ ఆమె పనే అవుతుంది. మన దేశంలో కూడా ఆ రోజులలోనే విమాన పరిచారికలు న్యాయస్థానానికి ఎక్కారు. నర్గేష్ మీర్జా కేసుగా ప్రసిద్ధమైన వ్యాజ్యంలో 1981లో సుప్రీంకోర్టు, మొదటి గర్భంతోనే ఉద్యోగం పోవాలన్న ఎయిర్ ఇండియా నిబంధనను కొట్టివేసింది. తీర్పు రాసినవారు న్యాయమూర్తి ముర్తజా ఫజల్ అలీ. ఉద్యోగంలో చేరిన నాలుగేళ్ళలోపు వివాహం చేసుకోరాదన్న నిబంధనను మాత్రం నిలిపి ఉంచింది. వయస్సు, వివాహం, గర్భం చట్టం కంట పడ్డాయి. నవ్వు ఎవరిదన్న ప్రశ్న ఏ న్యాయస్థానానికీ చేరేది కాదు.

ఆమెను విమర్శించినవారూ ఉన్నారు. డచ్చి సమాజ శాస్త్రవేత్త కాస్ వౌటర్స్ 1989లో రాస్తూ, జీతానికి నవ్వే నవ్వు కృత్రిమం, ఇంటి నవ్వు సహజం అన్న విభజన సరికాదన్నాడు. ఇంటిలో కూడా నియమాలున్నాయి కదా! పనిలోని నవ్వును ఆనందించేవారు లేరా? ఈ ఆక్షేపణలో సత్యమున్నది. మంచి నర్సు రోగిపట్ల చూపే దయను నటన అనడానికి నాకు నోరు రాదు. అయితే ఇంటిలో అలిగే స్వాతంత్ర్యం ఎంతో కొంత ఉన్నది, అలిగినందుకు ఎవరూ జీతం కోయరు. వాదంలో ఈ మేరకు నేను హోక్‌షిల్డ్ పక్షమే. ఇక ఇటీవలి కాలంలో ఇంటి చాకిరి అంతటినీ భావోద్వేగ శ్రమ అని పిలవడం పరిపాటి అయింది. 2018లో ఒక సంభాషణలో ఆమెయే దీనికి అభ్యంతరం చెప్పారు. మాట పరిధి మితిమీరి పెరిగితే పదును పోతుందని ఆమె భావం.

ఇంటి చాకిరిపై ఆమె వేరే గ్రంథమే రాశారు. 1989 నాటి 'ది సెకండ్ షిఫ్ట్' ప్రకారం, ఆఫీసు పని, ఇంటి పని కలిపి లెక్కిస్తే ఉద్యోగం చేసే భార్య భర్తకన్న ఏడాదికి ఒక నెల రోజులు, అదీ రాత్రింబగళ్ళు ఇరవైనాలుగేసి గంటల నెల, అధికంగా పనిచేస్తున్నది. 2012 నాటి మరొక గ్రంథం కొరకు ఆమె గుజరాత్‌లోని ఆనంద్ పట్టణానికి వచ్చి, డబ్బు తీసుకొని పరుల బిడ్డలను మోసిన తల్లులతో మాట్లాడారు. గర్భాన్ని తమది కాని వస్తువు మోసే సంచివలె భావించుకొమ్మని వారికి చెప్పేవారట. లోతయిన నటనకు ఇంతకన్న కఠినమైన పరీక్ష ఏముంటుంది? 2021 నాటి చట్టంతో మన దేశంలో ఆ వ్యాపారం నిషిద్ధమయింది. 2016 గ్రంథంలో ఆమె తన అభిప్రాయాలకు పూర్తిగా విరుద్ధమైన రాజకీయాలు గల లూసియానా రాష్ట్రపు సామాన్యుల మధ్యకు వెళ్ళారు. ఐదేళ్ళపాటు రాకపోకలు సాగించి, వారి కోపానికి మూలం వెదికారు. తాము ఓపికగా నిలబడిన వరుసలో మరెవరో ముందుకు దూరుతున్నారన్న బాధ వారిలో ఉన్నదని కనుగొన్నారు. ఆ బాధ న్యాయమైనదని ఆమె అనలేదు. కాని వినకుండా ఖండించలేదు.

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ అని మన విద్యార్థినీ విద్యార్థులు అనుకోరాదు. హైదరాబాదులో రాత్రివేళ దీపాలు వెలిగే భవనాలలో కూర్చొని సముద్రాలకవతలి ఖాతాదార్లతో మాట్లాడే యువకులు వేలమంది. ఆస్పత్రి ముందు బల్ల దగ్గర, బట్టల దుకాణంలో, హోటలు ద్వారం దగ్గర నిలబడేది మన కళాశాల వంటి కళాశాలలలో చదివినవారే. నా పూర్వ విద్యార్థిని ఒకతె ఒక ఆస్పత్రిలో రోగుల బంధువులకు సమాధానం చెప్పే ఉద్యోగంలో ఉన్నది. ఆ మధ్య ఆమె తల్లి కనబడి, 'అమ్మాయి బాగానే సంపాదిస్తున్నదండీ, ఇంటికి వస్తే మాత్రం మాట్లాడదు. మామీద ఏమన్నా కోపమేమో మీరడగండి మాస్టారూ' అన్నది. అడిగాను. 'కోపమేమీ లేదు సార్. పొద్దుటినుంచి అందరితోను మెత్తగా మాట్లాడి మాట్లాడి, ఇంటికి వెళ్ళేసరికి మెత్తదనం అయిపోతుంది' అన్నది. హోక్‌షిల్డ్ పేరు ఆమె విని ఉండదు.

మనకు అదబ్ ఉన్నది, మర్యాద ఉన్నది. ఎదుటివారికి ముందు దారి ఇవ్వడం, వచ్చినవారికి మంచినీళ్ళిచ్చి తరువాత మాట్లాడడం మనకు ఎవరూ జీతమిచ్చి నేర్పలేదు. ఈ పుట్టు మర్యాదను ఉద్యోగపు మర్యాదగా మార్చినప్పుడు దానిలో ఏది మిగులుతుంది, ఏది పోతుంది అన్నది మన నగరంలో మన భాషలలో జరగవలసిన పరిశోధన. సమాజ శాస్త్రం చదివేవారు ఈ వేసవి సెలవులలో తమ ఇంటిలోనో, వాడలోనో ఇటువంటి ఉద్యోగం చేసే నలుగురిని కలిసి, వారు ఇల్లు చేరిన మొదటి గంటలో ఏమి చేస్తారో అడిగి రాసుకొని రండి. జీతమెంత అని అడగకండి, అది అందరూ అడిగేదే. 'ది మేనేజ్డ్ హార్ట్' ప్రతిని ఒకదానిని మన గ్రంథాలయానికి తెప్పించవలసిందిగా కళాశాల కమిటీ వారికి ఈ పత్రిక ముఖంగానే మనవి చేస్తున్నాను.